పేరు చెప్పని ఇల్లు

భూకంపం నాటికి అమ్మియా పాకేదా, నడిచేదా అన్న దగ్గర మాట ఆగిపోయింది.

హియెరాపొలిలో ఎవరి వయసు తేల్చాలన్నా ఆ భూకంపమే ఆధారం. ఊరంతా ఒక్క పూటలో కూలి ఇప్పటికి యాభై ఆరేళ్ళు. ఆనాడు పాకుతూ ఉంటే అమ్మియాకు యాభై ఏడు, నడుస్తూ ఉంటే యాభై ఎనిమిది. ఎటు లాగినా అరవై కావడం లేదు. అరవై నిండిన విధవరాలికే, ప్రభువును నమ్మినవాళ్ళ సంఘం వారంవారం పిండీ నూనే ఇస్తుంది. ముందటి పెద్దలు పెట్టిపోయిన కట్టుబాటు అది. ఇప్పటి సంఘం పెద్ద జోతికోస్ చెడ్డవాడేమీ కాదు గానీ, నలభై ఏళ్ళు రాతిపని చేసినవాడు. తాడు కట్టి చూడందే ఏ గోడనీ నమ్మడు.

నడిచేదనే లెక్కేసి, ఇంకో రెండేళ్ళు ఆగితే తానే ఆమె పేరు ఎక్కిస్తానన్నాడాయన.

"ఆ రెండేళ్ళూ ఏం తినాలి పెద్దయ్యా?" అంది మెల్తినా.

మెల్తినా ఆ సంఘానికి పరిచారకురాలు. వారంలో మిగతా రోజులన్నీ అద్దకం కొట్టంలో ఉన్నికి రంగు వేస్తుంది. మంజిష్ఠ వేళ్ళ రంగు ఇంకి ఇంకి ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రబారాయి, ఎంత తోమినా పోదు. ఆదివారం తెల్లవారకముందే ఆ చేతులతోనే బుట్ట పట్టుకుని, సంఘం కూడిన ఇంట్లో వరస వెంట నడుస్తూ ఎవరు తెచ్చిన రొట్టె వాళ్ళ దగ్గర తీసుకుంటుంది. ప్రార్థన అయ్యాక ఆ రొట్టెల ముక్కలే తిరిగి అందరి చేతుల్లోనూ పెడుతుంది. తొమ్మిదేళ్ళుగా అదే ఆమె కొలువు.

అమ్మియా అదే కొట్టానికి ఉన్ని కడుగుతుంది. పది రోజుల కిందట మరుగుతున్న పటిక నీళ్ళు ఆమె కుడిచేతి మీద ఒలికాయి. ఒంటిచేత్తో కడిగేది సగం, వచ్చే కూలీ సగం. ఆ సగంతో పూట గడవడం లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ మధ్యాహ్నం అందరూ తిండి మూటలు విప్పే వేళకు అమ్మియాకు కాలువ అవతల ఏదో పని గుర్తొస్తోంది. ఆ పని ఏమిటో మెల్తినా ఒకరోజు తొంగి చూసింది. అమ్మియా గట్టు మీద ఊరికే కూర్చుని ఉంది.

"చెయ్యి కాలేటప్పుడు వయసు అడిగి కాల్తుందా?" అంది మెల్తినా, కొంచెం గట్టిగానే.

జోతికోస్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. విధవల పెట్టెలోంచి చిటికెడు పిండి కూడా తీయనని తేల్చేశాడు గానీ, మరో దారి చెప్పాడు. అందరూ రెండు రోజులు పస్తుండి, ఆ మిగిలిన తిండి ఆ ఇంటికి చేర్చడం. ఎవరి ఇంటికో మాత్రం ఎవరికీ తెలియకూడదు, ఆ మనిషికి కూడా, బుట్ట గడపలోకి వచ్చేదాకా. పోయిన చలికాలంలో ఒకామెకు పేరు చెప్పి సాయం చేస్తే, సిగ్గుతో మర్నాటి నుంచి సంఘం గడప తొక్కలేదు. ఆ ముచ్చట మళ్ళీ జరగకూడదని మెల్తినా దగ్గర మాట తీసుకున్నాడు. అమ్మియా మనసు ఎరిగిన మెల్తినా కాదనలేకపోయింది.

అంతలోనే, ఆదివారం ప్రార్థనకు అమ్మియా అందరికన్నా ముందుగా లోపలికి వచ్చింది. ఇద్దరూ మాట మింగేశారు.

జనం నిండారు. నలభైమంది ఉంటారు: మూటలు మోసేవాళ్ళు, నేతగాళ్ళు, యజమానులు లేవకముందే తిరిగిపోవలసిన బానిసలు. మెల్తినా బుట్టతో వరస వెంట నడిచింది. అమ్మియా ఎదుటికి వచ్చేసరికి ఎప్పటిలాగే బుట్టను కాస్త పైకి లేపి, పక్క మనిషి దగ్గర దించింది. లేనిమనిషి ముందు బుట్ట ఆపి ఇబ్బంది పెట్టడం ఎందుకని మూడేళ్ళుగా పాటిస్తున్న మర్యాద అది. మంచిపనే చేస్తున్నానని ఆమెకు గట్టి నమ్మకం.

చివర్న జోతికోస్ లేచి చెప్పాడు. మనలో ఒక ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. బుధవారం, శుక్రవారం పొద్దు గుంకేదాకా ఎవరూ ఏమీ తినొద్దు. ఆ రెండు రోజుల తిండీ శుక్రవారం సాయంత్రం ఇక్కడికి తెచ్చి పెట్టండి. ఎవరి ఇల్లని అడగొద్దు.

వెనక వరసలోంచి అమ్మియా గొంతు వినిపించింది.

"ఆ ఇంట్లో పిల్లలున్నారా పెద్దయ్యా?"

జోతికోస్ తెల్లబోయాడు. అడగొద్దన్నాను కదా అని గోడవైపు చూస్తూ గొణిగాడు.

"సరేలే. నేనూ ఉంటాను పస్తు," అంది అమ్మియా.

*

ఎవరి కోసం పస్తో ఆ మనిషే పస్తుంటే ఏం చేయాలన్నది ఏ కట్టుబాటులోనూ లేదు. సోమవారం మెల్తినా పనయ్యాక జోతికోస్ ఇంటికి పరుగెత్తింది. ఆయన తల పట్టుకున్నాడు. చెబితే ఆమె మొహం చెల్లక వెళ్ళిపోతుంది. చెప్పకపోతే అసలే ఎండిపోయిన మనిషి రెండు రోజులు నీళ్ళతో గడపాలి. చివరికి, జబ్బుమనుషులకు పస్తు అక్కర్లేదని చెప్పి చూడమన్నాడు. అది అబద్ధం కాదు కదా అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

మంగళవారం మెల్తినా రంగు బానను పక్కమనిషికి అప్పగించి కాలువ దగ్గరికి వెళ్ళింది. కొండ కడుపులోంచి వేడిగా వచ్చే ఊటనీళ్ళు ఆ కాలువ వెంట పారుతూ చల్లబడతాయి. ఆ నీళ్ళలోని సున్నం గట్లన్నిటికీ తెల్లగా పేరుకుంటుంది. అమ్మియా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నురుగొచ్చే వేరు ఎడంచేత్తో నలిపి, గొర్రె జిడ్డు వాసన కొట్టే ఉన్నిని కాళ్ళతో తొక్కుతోంది. కుడిచెయ్యి గుడ్డచుట్టి గుండెకు ఆనించుకుంది. ఉన్నిని పిండాలంటే రెండు చేతులు కావాలి కాబట్టి ఒక కొసను రాతికింద పెట్టి, రెండో కొసను ఎడంచేత్తో మెలిపెడుతోంది. ఆ ఉపాయం ఎవరూ నేర్పింది కాదు.

మెల్తినా అటూ ఇటూ తిరిగి, నీళ్ళు నమిలి, మొత్తానికి చెప్పవచ్చిన మాట చెప్పేసింది.

"జబ్బు చేతికి. నోటికి కాదు," అంది అమ్మియా, తొక్కడం ఆపకుండా.

"వయసైనవాళ్ళు కూడా ఉండక్కర్లేదంట అక్కా."

"అరవై నిండలేదని మీరేగా అంటున్నారు?"

మెల్తినా వెనుదిరిగింది. మళ్ళీ బాన దగ్గరికి వచ్చి, మంజిష్ఠ వేళ్ళు దంచే రోకలి అందుకుని, ఆ రోజు ఎంత అవసరమో దానికి రెట్టింపు దంచింది.

బుధవారం వచ్చింది. ఆకలి మెల్తినాకు కొత్తకాదు గానీ, మరిగే బాన మీదికి వంగి పగలంతా కలియబెట్టడం ఆ రోజు వేరేగా ఉంది. ఆవిరి మొహానికి కొట్టినప్పుడల్లా కళ్ళు తిరిగాయి. అయినా ఆమె చూపంతా కాలువ వైపే.

మధ్యాహ్నం లల్లా తన మూట విప్పింది. లల్లా కూడా ఉన్ని కడిగేదే, కొండతల్లిని కొలుస్తుంది, నోరు పెద్దది, మనసు మంచిది. ఉల్లిపాయ కొరుక్కుంటూ అమ్మియాను గిల్లడం మొదలుపెట్టింది. మా తల్లి పండగలకు మాంసం పెడుతుంది, మీ దేవుడు ఉన్న రొట్టె కూడా తినొద్దంటున్నాడా అని నవ్వింది.

"మీవాడు చచ్చి మూడోనాడు లేచాడంటారుగా," అంది. "లేచి ఏం చేశాడే? పిడుగులు కురిపించాడా?"

అమ్మియా గుడ్డచుట్టిన చేతిని ఒళ్ళోకి సర్దుకుంది.

"తిండి అడిగాడు," అంది. "తనవాళ్ళు జడుసుకుని నిలబడిపోతే, తినడానికేమన్నా ఉందా అని అడిగాడంట. కాల్చిన చేపముక్క పెట్టారు. తిన్నాడు."

లల్లా నమలడం ఆపింది. సమాధిలోంచి లేచి వచ్చి చేప అడిగే దేవుడి గురించి ఆమె ఎన్నడూ వినలేదు. దేవుళ్ళకు బలి పొగ చాలు కదా, ముక్క ఎందుకని అడిగింది. అమ్మియా నవ్వి, అందుకే ఆయన నాకు నచ్చాడు అంది. బానలో కర్ర తిప్పుతున్న మెల్తినాకు ఆ మాట స్పష్టంగా వినబడింది. సంఘంలో జోతికోస్ నోట ఆ కథ ఇరవైసార్లు విన్నా, అడగడమన్న ముక్క దగ్గర ఆమె ఎప్పుడూ ఆగలేదు.

గురువారం తినే రోజు. మెల్తినా తెల్లవారకుండానే లేచి పప్పు జావ కాచింది. కాస్త నూనె, జీలకర్ర, ఉల్లికాడలు, ఇంట్లో ఉన్నవన్నీ అందులో పడ్డాయి. మధ్యాహ్నం కుండ పట్టుకుని కాలువ దగ్గరికి వెళ్ళి, ఎక్కువ కాచాను, పులిసిపోతుంది, తాగవా అని ఎంతో మామూలుగా అడిగింది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి.

అమ్మియా కుండలోకి చూసింది. జావ వాసనకు ఆమె గొంతులో గుటక కదలడం మెల్తినా చూసింది.

"ఆ ఇంటికి శుక్రవారం దాకా ఏమీ లేదన్నారుగా," అంది అమ్మియా. "ముందు వాళ్ళకు పోసిరా. మిగిలితే నాకు."

"నువ్వు తాగు అక్కా. నువ్వు తాగితే వాళ్ళకు చేరినట్టే."

అనేసి నాలుక కరుచుకుంది. అమ్మియా తల ఎత్తి ఆమె మొహంలోకి చూసింది, తొందరేమీ లేనట్టు, నూలు పోగు గట్టిదనం పరీక్షించే మనిషిలా. తర్వాత కుండ అందుకుని, గట్టు మీద కూర్చుని, చివరి చుక్క దాకా తాగింది. మెల్తినాకు ప్రాణం లేచి వచ్చింది. తను తప్పించుకున్నాననే అనుకుంది.

*

శుక్రవారం అద్దకం పనివాళ్ళంతా కలిసి అపోల్లో దేవుడి గుడి ముందు ఎద్దును బలిచ్చారు. పనివాళ్ళలో ప్రతి ఒక్కరికీ వాటా వచ్చింది. వేరే దేవుడికిచ్చిన బలి తినకూడదు గనుక సంఘంవాళ్ళు అటు వెళ్ళలేదు. కాలిన కొవ్వు వాసన మాత్రం గోడలకు ఆగుతుందా? కొట్టమంతా అదే వాసన. రెండు మూడుసార్లు మెల్తినా కొంగుతో ముక్కు మూసుకుంది. అయినా నోరు ఊరింది.

లల్లా అంజూరపు ఆకులో ఒక ముక్క చుట్టి తెచ్చి అమ్మియా చేతిలో పెట్టబోయింది. ఎవరూ చూడరు, మీ దేవుడితో నేను మాట్లాడుకుంటాలే అంది. అందులో వెటకారం లేదు. అమ్మియా ఆ చేతిని మెల్లగా వెనక్కి నెట్టి, నీ పిల్లలకు పెట్టు అంది. అలా అని రెండడుగులు వేసి, తడి ఉన్ని కుప్ప మీద ఉన్నపాటున కూర్చుండిపోయింది. ఒక పక్కకు ఒరిగింది. పెదాలు పాలిపోయాయి.

మెల్తినా కర్ర వదిలేసి పరుగెత్తింది. ఎర్రటి రంగు నేలంతా చిందింది. అమ్మియా తలను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు చల్లుతుంటే, పెద్దాయన మీద పట్టరాని కోపం వచ్చింది, తన మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. మర్యాద కోసం మనిషిని చంపుకుంటామా అనిపించింది. ఇచ్చిన మాట ఉంటే ఎంత, పోతే ఎంత? సిగ్గుపడి సంఘం మానేస్తే ఇంటికి వెళ్ళి కాళ్ళు పట్టుకుని తెచ్చుకోవచ్చు. ప్రాణమే పోయాక ఎవరిని తెచ్చుకుంటాం?

"అక్కా, నీకో సంగతి చెప్పాలి. ఆ ఇల్లు..."

అమ్మియా కళ్ళు తెరిచి, ఎడంచెయ్యి ఎత్తి ఆమె నోటికి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి చల్లగా, గొర్రె జిడ్డు వాసన వేస్తూ ఉంది.

"పొద్దు గుంకేదాకా నోటికి ఏ పనీ చెప్పొద్దు," అంది.

ఆ సాయంత్రం సంఘం కూడిన ఇంట్లో తిండి వచ్చిపడింది. గోధుమపిండి, బార్లీ, ఎండు అంజూరాలు, ఉల్లిపాయలు, ఆకులో చుట్టిన జున్నుముద్ద. ఒక బానిస యజమాని వంటింట్లో తన వాటా రెండు రోజులు దాచి, గట్టిపడిన రెండు రొట్టెముక్కలు తెచ్చాడు. మెల్తినా బుట్టతో వరస వెంట నడిచింది. చివరకు అమ్మియా దగ్గరికి వచ్చేసరికి, అలవాటుగా బుట్ట పైకి లేవబోయింది. అమ్మియా లేచి నిలబడి దారికి అడ్డం వచ్చింది. బుట్ట అంచును ఎడంచేత్తో పట్టి కిందికి వంచింది. కొంగుముడి పళ్ళతో విప్పి, రెండు పిడికిళ్ళ బార్లీ అందులో పోసింది. గింజ కూడా కింద పడకుండా నింపాదిగా పోసింది. ఆమె మొహంలో అలాంటి వెలుగు మెల్తినా ఆ మూడేళ్ళలో చూడలేదు. జోతికోస్ తలెత్తి చూడలేక, నేలమీది రాతి అతుకులు చూస్తూ ఉండిపోయాడు.

*

శనివారం పొద్దెక్కాక మెల్తినా బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మియా ఉండే సందులోకి వెళ్ళింది. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. తప్పుపట్టొద్దనాలి, ఇది ప్రభువు ఇచ్చిందనాలి, సంఘం మానొద్దనాలి. తలుపు దగ్గరికి వచ్చేసరికి అందులో ఒక్క మాటా గుర్తులేదు.

తలుపు తీసే ఉంది. గది ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. పొయ్యిలో నిప్పు రాజుకుంది, దానిమీద రొట్టెలు కాల్చే రాయి వేడెక్కుతోంది. నేలమీద రెండు చాపముక్కలు ఎదురెదురుగా పరిచి ఉన్నాయి.

"ఇంత ఆలస్యమైందేం? ఎప్పుడో వస్తావనుకున్నాను," అంది అమ్మియా.

మెల్తినా బుట్ట దించడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడింది. ఎప్పటినుంచి తెలుసని అడిగింది. ఆదివారం నుంచే అంది అమ్మియా. వస్తూ ఉంటే నా వయసు లెక్క చెవిన పడింది, నన్ను చూసి ఇద్దరూ మాట మింగేశారు. పిల్లలున్నారా అని అడిగితే పెద్దాయన గోడవైపు తిరిగాడు. పైగా నీ జావ ఒకటి.

"తెలిసీ ఎందుకున్నావక్కా పస్తు? మేమంతా ఉన్నది నీ కోసమే కదా."

"అదే మరి. నలభైమంది నా కోసం కడుపు కట్టుకుంటే, నేనొక్కదాన్నీ తింటూ కూచోనా?"

అమ్మియా వచ్చి బుట్టకు ఒక పక్క చెయ్యి వేసి దింపించింది. తర్వాత మాటలు ఆమె పొయ్యివైపు తిరిగి అంది. మొహం చూస్తూ అనలేకపోయిందేమో.

"మూడేళ్ళయింది తల్లీ నేను మీలో చేరి. నీ బుట్ట నా ముందుకొచ్చేసరికి గాల్లోకి లేస్తుంది. దయతోనే లేపావు, నాకు తెలుసు. కానీ ఒక్క రొట్టె తినే మనమంతా ఒక్క ఒళ్ళు అంటాడు పెద్దాయన ప్రతివారం. ఆ రొట్టెలో నా పిండి చిటికెడు లేదు. మరి ఆ ఒంట్లో నేనెక్కడున్నట్టు? ఇన్నాళ్ళకు మీరు నా దగ్గరున్న సరుకు అడిగారు. పస్తు. అది నా దగ్గర దండిగా ఉంది."

మెల్తినా ఏడ్చింది. ఏడవకూడదని అనుకుంది గానీ, రెండు రోజుల ఆకలి ఒంట్లో ఇంకా మిగిలే ఉంది, ఆపుకోవడం చాతకాలేదు. బుట్ట మోసినన్నాళ్ళూ తాను ఎవరినీ చిన్నబుచ్చలేదని ఆమె నమ్మకం. ప్రతి ఆదివారం ఒక మనిషిని, నలభైమంది ఎదుట, నువ్వు లెక్కలో లేవని చెబుతూ వచ్చిందని ఈ క్షణం దాకా తెలియలేదు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

అమ్మియా ఓదార్చలేదు. పని పురమాయించింది. పిండి తొట్టి అటు జరపమంది, నీళ్ళు అందించమంది. గోధుమపిండి, దంచిన బార్లీ, ఎవరెవరి ఇంటివో అన్నీ కలిపి ఎడంచేత్తో పిసికింది. బానిస తెచ్చిన గట్టిముక్కలను నీళ్ళలో నానబెట్టి అవి కూడా అందులోనే మెదిపింది. ముద్దను అరచేత్తో వత్తి రాతిమీద పరిచింది. రొట్టె పొంగి, అంచులు ఎర్రబడి, గదంతా కమ్మటి వాసన నిండింది.

మెల్తినా కళ్ళు తుడుచుకుని లేవబోయింది. మోసుకొచ్చిన మనిషి బుట్టలోంచి తినకూడదని, అది పరిచారకులకున్న కట్టుబాటని చెప్పింది.

"అయితే బుట్ట తీసుకుపో," అంది అమ్మియా శాంతంగా.

మెల్తినా ఆమె వైపు చూసింది. ఉట్టిమాట కాదని తెలిసింది. చాప మీద కూర్చుంది.

అమ్మియా ఎదురుగా కూర్చుంది. వేడి రొట్టెను పొట్టకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఆదివారం రొట్టెల బల్ల దగ్గర పెద్దాయన చెప్పేలాగే దేవుడైన తండ్రికి కృతజ్ఞత చెప్పింది. అలా చెప్పే వంతు ఆమెకు ఎన్నడూ రాలేదు, ఒకచోట తడబడి మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత రొట్టెను ఒడికి అదిమి, ఒంటిచేత్తోనే విరిచి, పెద్దముక్క ముందుకు చాచింది.

మెల్తినా చెయ్యి ముందుకు వచ్చింది, వేళ్ళు కిందికి వంగి, అరచెయ్యి బోర్లించి. తొమ్మిదేళ్ళుగా రొట్టె పెడుతున్న చెయ్యి, దానికి అలా రావడమే తెలుసు. ఇద్దరి చేతులూ ఒకే తీరుగా గాల్లో ఆగాయి. అమ్మియా ముక్క వదల్లేదు, వెనక్కీ తీసుకోలేదు, ఆవిరి చేతికి తగులుతున్నా అలాగే పట్టుకుని ఉంది.

మెల్తినా తన చేతివైపు చూసుకుంది. మెల్లగా దాన్ని వెల్లకిలా తిప్పి, మంజిష్ఠ ఇంకిన ఎర్రటి అరచేతిని అమ్మియా ముందు చాచింది.